వేడెక్కిన గేమ్ కన్సోల్: పారవేసే ముందు కొంత పరిశీలన

వేసవి సెలవులు వచ్చాయంటే చాలా ఇళ్ళలో పిల్లల గేమ్ కన్సోల్‌కు పని పెరుగుతుంది. ఆ రోజుల్లోనే అది మొరాయించడమూ మొదలవుతుంది. ఆట మొదలైన కొద్దిసేపటికే లోపలి ఫ్యాను హోరెత్తుతుంది. ఆ తరువాత యంత్రం మరీ వేడెక్కిందన్న హెచ్చరిక తెరపై కనిపిస్తుంది, మరుక్షణమే అంతా ఆగిపోతుంది. గంటసేపు వదిలేస్తే మళ్ళీ మామూలుగా వెలుగుతుంది. నాలుగు రోజులు ఇలాగే గడిచాక "ఇక దీని పని అయిపోయింది" అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

ఆ తేల్చివేత వెనుకనే అసలు నష్టం పొంచి ఉంటుంది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఒక సామాన్య కుటుంబానికి ఇది నెలల తరబడి కూడబెట్టవలసిన మొత్తం. పాతది పోయిందనుకున్న తండ్రి పిల్లల కన్నీళ్ళు చూడలేక వాయిదాల కాగితంపై సంతకం చేస్తే, వస్తువుతో పాటు వడ్డీ కూడా గడప లోపలికి వస్తుంది. పాత యంత్రమేమో అటక ఎక్కుతుంది, లేదా తూకానికి పోతుంది.

పిల్లలు ఎంతసేపు ఆడాలి, ఏ ఆటలు ఆడాలి అన్నవి తల్లిదండ్రులు విడిగా ఆలోచించవలసిన విషయాలు. ఇక్కడ మేము చెప్పదలచినది ఒక్కటే. వేడితో ఆగిపోయిన యంత్రం చనిపోయిన యంత్రం కాదు. తనను తాను కాపాడుకునేందుకే అది ఆగింది. వేడి బయటికి పోయే దారిలో అడ్డు ఎక్కడ పడిందో వెదికి తొలగిస్తే చాలా సందర్భాలలో అది మళ్ళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అయితే ఏ మరమ్మతు నిలుస్తుందో, ఏది నాలుగు రోజుల ఉపశమనమో తెలుసుకోవడం యజమానికి అవసరం. దానిని దాచకుండా చెప్పడం మరమ్మతు చేసేవారి ధర్మం.

వేడి ఏ దారిన పోతుంది?

పెద్ద ఆటలు నడిచేటప్పుడు ప్లేస్టేషన్ 5 వంటి యంత్రం దాదాపు 200 వాట్ల విద్యుత్తు వాడుకుంటుంది. మన ఇంటి సీలింగ్ ఫ్యాను ఒకటి 70, 75 వాట్లు తీసుకుంటుంది. అంటే మూడు ఫ్యాన్లకు సరిపడే విద్యుత్తు ఒక చిన్న పెట్టెలోకి పోతోందన్నమాట. ఆ విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిలో అధిక భాగం బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదైన ఒకే ఒక చిప్ నుండి పుడుతుంది.

చిప్ మీద పుట్టిన వేడి అంచెలంచెలుగా బయటికి ప్రయాణిస్తుంది. చిప్‌కూ దాని మీద కూర్చున్న లోహపు దిమ్మకూ నడుమ థర్మల్ పేస్ట్ అనే పలుచని పూత ఉంటుంది. ఆ లోహపు దిమ్మనే హీట్ సింక్ అంటారు. దానికి పలుచని రేకుల వంటి రెక్కలు వరుసగా ఉంటాయి. ఫ్యాను తోసిన గాలి ఆ రెక్కల సందుల గుండా వెళ్ళి వేడిని మోసుకుని వెనుక రంధ్రాల నుండి గదిలోకి పోతుంది. పేస్ట్, లోహం, రెక్కలు, ఫ్యాను, రంధ్రాలు, గది: ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి తెగినా వేడి వెనక్కి తన్ని చిప్ దగ్గరే పేరుకుంటుంది. కాబట్టి మరమ్మతు అంటే ఈ కొలుకులను ఒక్కొక్కటిగా పరీక్షించడమే. బయటి నుండి లోపలికి, ఖర్చు లేనిదాని నుండి ఖర్చయ్యేదాని వైపు వెళ్ళడం తెలివైన పద్ధతి.

మన జిల్లాల గాలి, మన ఇళ్ళ అలవాట్లు

ప్లేస్టేషన్ 4, 5 యంత్రాలను 5 నుండి 35 డిగ్రీల ఉష్ణోగ్రత గల చోట వాడాలని వాటి తయారీదారుల సూచన పత్రం చెబుతుంది. ఈ ఒక్క అంకెను మన ఊళ్ళకు అన్వయించి చూడండి. మే నెల మధ్యాహ్నం పాలకొండ, సాలూరు, పార్వతీపురం వంటి లోతట్టు ప్రాంతాలలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు కింద, మేడ మీది గదిలో పరిస్థితి ఇంకా కఠినం. ఫ్యాను ఎంత బాగున్నా గదిలోని గాలి కంటే చల్లగా చిప్‌ను ఉంచలేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే, ఫ్యాను వేగం మారనంతవరకు, చిప్ కూడా సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. డిసెంబరులో నిక్షేపంగా నడిచిన యంత్రం మేలో ఆగిపోవడానికి ఇదే కారణం.

రెండవది ఉప్పుగాలి. ఇచ్ఛాపురం నుండి భోగాపురం దాకా మన తీరం పొడవునా సముద్రపు గాలి ఇళ్ళలోకి వస్తుంది. కిటికీ ఊచలను తుప్పు పట్టించే ఆ గాలే కన్సోల్ లోపలికీ వెళుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. ధూళి, ఉప్పు, తేమ మూడూ కలిస్తే ఫ్యాను ఆకులపైనా, హీట్ సింక్ రెక్కలపైనా జిగురు పొరలా అతుక్కుంటాయి. ఊదితే ఎగిరిపోయే పొడి దుమ్ము కాదది. అల్యూమినియం రెక్కలపై తెల్లని పొక్కు కనిపిస్తే ఉప్పు పనిచేస్తోందని గ్రహించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి విద్యుత్తు లేక చీకట్లో ఉన్నాయి. అటువంటి తడి రోజుల తరువాత కరెంటు రాగానే కన్సోల్ స్విచ్ వేయకూడదు. ముందు దానిని పొడిగా, గాలి ఆడే చోట ఉంచాలి.

మూడవది ధూళిలోని పోగు. నెల్లిమర్ల, రాజాం వంటి జనపనార మిల్లుల ఊళ్ళలోనూ, పొందూరు వంటి నూలు పని చేసే ఊళ్ళలోనూ, కొబ్బరి పీచు ఆరబోసే పల్లెల్లోనూ గాలిలో సన్నని పోగులుంటాయి. సాధారణ దుమ్ము రెక్కల మీద వాలుతుంది. పోగు మాత్రం రెక్కల సందుల్లో అడ్డంగా చిక్కుకుని, వెనుక వచ్చే దుమ్మును జల్లెడలా పట్టి ఉంచుతుంది. కొంతకాలానికి అక్కడ దళసరి కంబళి ముక్క వంటిది తయారవుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గాని గాలి మాత్రం అవతలికి పోదు.

ఇక మన ఇళ్ళ అలవాట్లు. విలువైన వస్తువు గదా అని కన్సోల్‌ను అద్దాల షోకేసులో పెట్టి తలుపు మూయడం, దుమ్ము పడకూడదని పైన అల్లిక గుడ్డ కప్పడం, ఊడ్చే చీపురుకు అందేంత కిందుగా నేల మీద ఉంచడం, సాంబ్రాణి పొగా వంటింటి నూనె ఆవిరీ చేరే గదిలో పెట్టడం. ఇవన్నీ జాగ్రత్త పేరిట చేసే పనులే. ఫలితం మాత్రం తిరగబడుతుంది. మూసిన షోకేసులో యంత్రం తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది.

నూరు కోట్ల డాలర్ల పాఠం

వేడిని తేలికగా తీసుకుంటే ఎంత నష్టమో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ 360 ద్వారా నేర్చుకుంది. 2005 నవంబరులో అమెరికాలో, 2006లో మన దేశంలో విడుదలైన ఆ యంత్రం ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోవడం ప్రపంచమంతటా వ్యాపించింది. 2007 జూలై 5న సంస్థ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పొడిగిస్తున్నట్లు ప్రకటించి, అందుకు నూరు కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది.

కారణాన్ని ఆ సంస్థవారే 2021 డిసెంబరులో విడుదలైన తమ డాక్యుమెంటరీలో వివరించారు. యంత్రం వేడెక్కడం, ఆపగానే చల్లబడడం, మళ్ళీ వేడెక్కడం: ఈ చక్రం వందల సార్లు తిరిగేసరికి చిప్ భాగాల లోపలి సన్నని టంకపు అతుకులు పగిలిపోయాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట పుటుక్కున తెగినట్టే ఇదీను.

మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. వేడి వల్ల ఆగిపోవడం మొదటి దశ, అప్పుడు శుభ్రం చేస్తే యంత్రం దక్కుతుంది. హెచ్చరికను లెక్కచేయక నెలల తరబడి అలాగే ఆడిస్తే అతుకులు పగలడం రెండవ దశ. అప్పుడు మరమ్మతు కష్టం, ఒక్కోసారి అసాధ్యం.

విప్పకుండా చేయగలిగినవి

వారంటీ గడువు ఉన్న యంత్రాన్ని ఇంట్లో విప్పకండి, కంపెనీ సేవా కేంద్రానికే పంపండి. ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పనులు ఇవి:

- షోకేసు నుండి బయటికి తీయండి. గోడకు, పక్క వస్తువులకు కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. గుడ్డ కప్పాలనుకుంటే యంత్రం ఆగి పూర్తిగా చల్లబడ్డాకే కప్పండి.
- పరుపు, దుప్పటి, తివాచీ మీద కాక గట్టి బల్ల మీద, నేలకు ఒక మూర ఎత్తున ఉంచండి.
- ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో రంధ్రాల చుట్టూ ఉన్న దుమ్మును వారానికొకసారి తుడవండి. ప్లేస్టేషన్ 5లో పక్క పలకలు తీస్తే దుమ్ము పోగయ్యేందుకే ఏర్పరచిన రంధ్రాలు కనిపిస్తాయి, వాటిని శుభ్రం చేయడం సులభం.
- ఎండాకాలం మధ్యాహ్నం 12 నుండి 4 వరకు ఆట వద్దనండి. పిల్లల కళ్ళకూ యంత్రానికీ అది విశ్రాంతి.
- ఏసీ గది నుండి ఉక్కగా ఉన్న గదిలోకి మార్చిన వెంటనే స్విచ్ వేయకండి. చల్లని లోహంపై తేమ పట్టే ప్రమాదం ఉంది.

వెనుక రంధ్రాల దగ్గర అరచేయి పెట్టి చూడండి. ఫ్యాను హోరుమంటున్నా గాలి బలహీనంగా వస్తుంటే రెక్కలు పూడుకుపోయాయని అర్థం. గాలి బలంగానే వస్తూ చల్లగా ఉండి, అయినా యంత్రం వేడితో ఆగుతుంటే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందని అనుమానించాలి. వేడి లోహందాకా చేరడం లేదు గనుకనే గాలి చల్లగా వస్తోంది. ఫ్యాను అసలు తిరగకపోయినా, గరగరమని శబ్దం చేస్తున్నా లోపం ఫ్యానులోనే ఉంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, దుకాణంలో ఏమి అడగాలో దీనితోనే తెలుస్తుంది.

విప్పి చేసే శుభ్రం

చేయి తిరిగిన యువకులు, మరమ్మతు పని నేర్చుకుంటున్నవారు మాత్రమే ఈ పనికి పూనుకోవాలి. ప్లగ్గు తీసి కనీసం అరగంట ఆగాలి. పవర్ సప్లై పెట్టెను ఏ పరిస్థితిలోనూ తెరవకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కొన్ని నమూనాలలో ఆ పెట్టెను ఉన్నదున్నట్టు పక్కకు తీస్తే గాని హీట్ సింక్ రెక్కలు కనిపించవు. స్క్రూలకు చాలాచోట్ల నక్షత్రపు తలలుంటాయి, సరైన టార్క్స్ స్క్రూడ్రైవర్ లేకుండా బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. ప్రతి అడుగులోనూ ఫోనుతో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించడం తేలిక.

గాలి ఊదేటప్పుడు ఫ్యాను ఆకులను వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. మనం చెప్పుకున్న జిగురు పొర ఊదితే పోదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బ్రష్షుతో తుడవాలి. పేరులో ఆల్కహాల్ ఉన్నా ఇది మత్తు పానీయం కాదు, ఎలక్ట్రానిక్ పరికరాలు తుడిచే ద్రావకం. మింగితే విషం, నిప్పు తగిలితే మండుతుంది. కనుక పిల్లలకూ పొయ్యికీ దూరంగా, కిటికీలు తెరిచి వాడాలి.

పాత పేస్ట్‌ను అదే ద్రావకంతో పూర్తిగా తుడిచి, చిప్ నడుమ కొత్త పేస్ట్ బఠాణీ గింజంత పెడితే చాలు. చిప్‌కూ లోహానికీ మధ్య కంటికి కనిపించని గరుకు సందులలో గాలి చిక్కుకుని ఉంటుంది. పేస్ట్ గాలి కంటే వంద రెట్లకు పైగా బాగా వేడిని మోస్తుంది, ఆ సందులు నింపడమే దాని పని. దళసరిగా పూస్తే అదే అడ్డవుతుంది. పక్కనున్న మెమొరీ చిప్‌లపై ఉండే మెత్తని ప్యాడ్లు చిరిగితే అదే మందం గలవి వేయాలి. మందం తేడా వస్తే హీట్ సింక్ చిప్‌పై సరిగా కూర్చోదు. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ప్లేస్టేషన్ 5లో మామూలు పేస్ట్ కాక ద్రవలోహం వాడారు. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినివేస్తుంది. ఒక్క చుక్క బోర్డు మీద జారినా యంత్రం పోవచ్చు. అందులో దుమ్ము తుడవడం వరకే మన పని. హీట్ సింక్ విప్పడం దానిలో అనుభవం ఉన్నవారికే వదిలేయాలి.

ఫ్యానును మెరుగుపరచడం ఎలా?

"ఫ్యానుకు నేరుగా 12 వోల్టులు ఇస్తే ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది గదా" అని కొందరు అంటారు. ఎక్స్‌బాక్స్ 360 కాలంలో ఈ చిట్కా ఎంతో ప్రచారం పొందింది. కానీ లెక్క వేరు. ఫ్యాను వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, దానికి కావలసిన శక్తి మాత్రం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. శబ్దం పెరుగుతుంది, బేరింగ్ త్వరగా అరుగుతుంది, బోర్డుపై భారం పడుతుంది. పూడుకుపోయిన రెక్కల మీదికి ఎంత ఊదినా ప్రయోజనం లేదు. కాలువ పూడిక తీయకుండా మోటారు పెంచినట్టే అవుతుంది.

కన్సోల్ వెనుక తగిలించి దాని విద్యుత్తునే వాడుకునే అదనపు ఫ్యాన్లదీ ఇదే తీరు. సరిగా అమరనివి వేడిగాలిని బయటికి లాగడానికి బదులు యంత్రపు సొంత ఫ్యానుతో పోట్లాడతాయి. నిలిచే మెరుగుదల మూడు విధాలుగా వస్తుంది. మొదటిది, అరిగిన ఫ్యాను స్థానంలో అదే నమూనాకు చెందిన, అదే వోల్టేజీ, అదే కనెక్టరు గల ఫ్యాను వేయడం. రెండవది, ఫ్యానుకూ రెక్కలకూ నడుమ గాలి పక్కలకు జారిపోకుండా కవరునూ స్పాంజి పట్టీలనూ తిరిగి సరిగా అమర్చడం. మూడవది, షోకేసులోనే ఉంచక తప్పదనుకుంటే వెనుక చెక్కను కోసి, విడిగా కరెంటు తీసుకునే చిన్న ఫ్యానును వేడిగాలి బయటికి పోయేలా బిగించడం. ఈ మూడవ పనిని మన వడ్రంగి ఒక్క పూటలో చేయగలడు.

మరమ్మతుదారుని మాట

చిప్ అతుకులు పగిలిన రెండవ దశలోని యంత్రాన్ని వేడిగాలి యంత్రంతో కాల్చి బతికించే పద్ధతి ఒకటి దుకాణాలలో ఉంది. సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. బోర్డును అలా కాల్చితే యంత్రం లేచి కూర్చుంటుంది. అయితే అది చాలాసార్లు వారాలో నెలలో మాత్రమే. మళ్ళీ ఆగిపోయేసరికి తెచ్చినవాని డబ్బు పోయి ఉంటుంది. యంత్రాన్ని తువ్వాలులో చుట్టి కావాలని వేడెక్కించే చిట్కా కూడా ఒకప్పుడు వ్యాపించింది. అది అగ్నిప్రమాదానికి దారి, దాని జోలికి పోవద్దు.

కాల్చడం తప్పని మేము అనడం లేదు. చెప్పకుండా కాల్చడం తప్పంటున్నాము. "ఇది ఎన్నాళ్ళు నడుస్తుంది భాయ్?" అని తండ్రి అడిగినప్పుడు, "ఇది శాశ్వత మరమ్మతు కాదు చాచా, నెల నడవొచ్చు, ఏడాది నడవొచ్చు, తెలిసి చేయించుకోండి" అని చెప్పగలిగినవాడే నిజమైన పనివాడు. అతడు ఆ రోజు ఒక బేరం పోగొట్టుకోవచ్చు, ఆ వీధి నమ్మకాన్ని మాత్రం సంపాదించుకుంటాడు. మన చేతికి వచ్చిన ఇతరుల వస్తువు అమానతు. అందులోని లోపాన్ని దాచి అమ్మడం ఎంత నేరమో, మరమ్మతులోని లోపాన్ని దాచడమూ అంతే. ఇంట్లో పాత కన్సోల్‌ను వేరొకరికి అమ్మేటప్పుడు కూడా ఇదే నియమం. "వేసవిలో వేడెక్కి ఆగుతుంది, ఫలానా రోజున పేస్ట్ మార్పించాము" అని చెప్పి అమ్మితే ధర కొంత తగ్గుతుంది, డబ్బు మాత్రం స్వచ్ఛంగా ఉంటుంది.

యజమాని వైపు కూడా బాధ్యత ఉంది. అప్పగించే ముందు ఏమి మారుస్తారో, ఎంతవుతుందో, ఎన్నాళ్ళ హామీయో కాగితంపై రాయించుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. రసీదు తప్పనిసరి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. వస్తువులను బాగుచేయించుకునే హక్కును ప్రోత్సహించేందుకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ఒక ప్రత్యేక పోర్టల్‌ను కూడా ప్రారంభించింది.

ఇక బాగుపడదని తేలితే

అన్ని కొలుకులూ పరీక్షించాక కూడా యంత్రం లేవకపోతే అప్పుడే దానికి వీడ్కోలు చెప్పాలి. దానిని చెత్తకుప్పలో వేయకూడదు, కాల్చకూడదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి వాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చాలి. బోర్డులను బహిరంగంగా కాల్చి రాగి తీసేవారి చేతికిస్తే ఆ విషపు పొగ పీల్చేది పక్క వీధి పిల్లలే. కంట్రోలర్లు, తీగలు, ఫ్యాను, డిస్క్ డ్రైవ్ వంటి భాగాలు మరొక యంత్రాన్ని బతికించవచ్చు, వాటిని మరమ్మతు దుకాణానికి ఇవ్వడం మేలు.

దుబారా అంటే విందులలో అన్నం పారవేయడం ఒక్కటే కాదు. చిటికెడు పేస్ట్‌తో, గంట శ్రమతో బాగుపడే వస్తువును అటకెక్కించి వడ్డీ మీద కొత్తది తెచ్చుకోవడమూ దుబారాయే. ఈ సెలవులలో ఒక పూట తండ్రీ కొడుకులు, వీలైతే తల్లీ కూతుళ్ళు కూడా, ఆ యంత్రం ముందు కూర్చోండి. ప్లగ్గు తీయండి, వెనుక రంధ్రాలు చూడండి, దుమ్ము తుడవండి, షోకేసు నుండి బయటికి తెచ్చి గాలి ఆడే చోట పెట్టండి. ఆడుకోవడం తెలిసిన పిల్లవాడికి ఆ ఆట ఎలా నడుస్తుందో, వస్తువును ఎలా కాపాడుకోవాలో కూడా ఆ పూట తెలుస్తుంది.